ఢాయి ఎక్కం

"ఎదురు బ్లాకోళ్లంత నా సల్వార్ చూడాల్నా?"

షహర్ బానో వంటింటి కిటికీ దగ్గర నిలబడి వెదురు కర్ర ఒక కొస గట్టిగా పట్టుకుంది. రెండో కొస కోడలు అమ్రీన్ చేతిలో ఉంది. కర్ర నిండా తడి బట్టలు. కర్రను కిటికీ బయటికి తోసి, బయటి గోడకున్న గొట్టంలో దిగేస్తే పని అయిపోతుంది. కానీ అత్తగారు వదలడం లేదు.

"బయటి కొసకే ఎండ తగుల్తది అమ్మీజాన్. మీ సల్వార్ బట్ట మందం. లోపటి దిక్కు వేస్తే రేపటికి గూడ ఆరది."

"ఆరకపోతె ఆరకపోనీ. పదకొండో అంతస్తు మీద జెండా ఎగరేసినట్టు నా సల్వార్ ఎగరేస్తవా? ఆ చీనీ ముసలాయన రోజు గిటు దిక్కే చూస్తడు."

"ఆయన చూసేది ఆయన పిట్ట పంజరాన్ని."

"మరి పిట్ట ఎటు చూస్తదో నీకెర్కనా?"

అమ్రీన్‌కు నవ్వొచ్చింది. అత్తగారి ముఖం చూసి దాన్ని మింగేసింది. చివరికి సల్వార్ కర్ర నడుమకు జరిగింది. దానికి అటొకటి ఇటొకటి అమ్రీన్ కొడుకు అనస్ ఫుట్‌బాల్ జెర్సీలు కాపలా నిలిచాయి. ఇద్దరిలో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు. అయినా ఇద్దరూ మూతులు ముడుచుకునే కిటికీ ముందు నుంచి కదిలారు.

తగవు సల్వార్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

అమ్రీన్ కూతురు, తొమ్మిదేళ్ల ఆనమ్ మూడో తరగతిలో రెండు విడతల పరీక్షలు దాటి, చురుకైన పిల్లల కోసం నాలుగో తరగతి నుంచి నడిపే ప్రత్యేక క్లాసుకు ఎంపికైందన్న కబురు వచ్చిన రోజు ఇల్లంతా ఎగిరి గంతేసింది. కబురుతో పాటు ఒక చిక్కూ వచ్చింది. రెండు బడుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఒకటి ఊరికి పడమటి కొసన, రెండు రైళ్లు మారి వెళ్లాల్సిన చోట, పేరు చెప్పగానే ఎదుటివాళ్లు కనుబొమలు ఎగరేసే పాత బడి. రెండోది వాళ్లుండే సెంగ్‌కాంగ్‌లోనే, పేటలో తిరిగే చిన్న రైలు ఎల్లార్టీ ఎక్కితే నాలుగు స్టేషన్ల అవతల ఉన్నది. ఈ ప్రత్యేక క్లాసు అక్కడ మొదలై ఎన్నాళ్లో కాలేదు. ఇంట్లో వాటికి పెద్ద బడి, దగ్గర బడి అని పేర్లు పడిపోయాయి. ఆనమ్ తండ్రి షాదాబ్‌ది మొదటి రోజు నుంచీ పెద్ద బడి మాటే. షహర్ బానో అయితే కబురు తెలిసిన రాత్రే హైదరాబాదులో ఉన్న చుట్టాలందరికీ ఆ బడి పేరు చెప్పి ముబారక్‌లు కూడా అందుకుంది. అమ్రీన్ మాత్రం "రెండూ చూసినంక చెప్త" అని ఊరుకుంది.

రెండు బడులూ పిల్లల్ని ఒక్కో పూట క్లాసులో కూర్చోబెట్టి చూసుకోమన్నాయి. పోయిన వారం పెద్ద బడికి వెళ్లొచ్చిన ఆనమ్ ఆ సాయంత్రం ఎవరితోనూ మాట్లాడలేదు. అంతకంటే వింత, అప్పటి నుంచి దాదీ షహర్ బానో దగ్గర ఎక్కాలకు కూర్చోవడమే మానేసింది.

ఆ ఎక్కాలు మామూలువి కావు. షహర్ బానో తండ్రికి పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం ఉండేది. అక్కడ గజం ముక్కలు, పావు గజం ముక్కలు రోజంతా కొలుస్తూనే ఉండాలి. అందుకని రెండు, మూడు ఎక్కాలతో పాటు సవా ఎక్కం, డేఢ్ ఎక్కం, ఢాయి ఎక్కం కూడా అక్కడివాళ్ల నాలుక చివర ఉండేవి. సవా అంటే ఒకటింబావు, డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయి అంటే రెండున్నర. తాన్ల పక్కన కూర్చుని విని విని షహర్ బానోకు అవి పాటల్లా పట్టుబడ్డాయి. మెంతికూర తుంచుతూనో, పటాణీలు ఒలుస్తూనో మనవరాలికి అవే పాడింది. "ఢాయి ఏకమ్ ఢాయి, ఢాయి దూనీ పాంచ్, ఢాయి తియా సాడే సాత్..." అంటే రెండున్నర ఒకట్లు రెండున్నర, రెళ్లు ఐదు, మూళ్లు ఏడున్నర. వారం నుంచి ఆ పాట వంటింట్లో వినిపించలేదు.

ఈ రోజు దగ్గర బడి పూట. సాయంత్రం ఐదింటి లోపల ఏ బడో ఫోన్‌లో నొక్కి పంపించాలి.

షాదాబ్ తెల్లారకముందే రైలెక్కి, తను పనిచేసే ప్లాంటుకు పోయే జురాంగ్ ఐలాండ్ బస్సు అందుకోవడానికి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ అన్నాడు. "నాకైతే పెద్ద బడే. అమ్మీ గూడ గదే అంటున్నది. పోయి చూసి రాండ్రి, కాదన. నాలుగింటికల్లా వస్త, నేనే పంపిస్త."

"చూసేది మేము, పంపేది మీరా?"

"నువ్వు ఏం చూస్తవో చెప్పు, వింట."

"ఇంకా చూడలే గద."

"గందుకే," అని నవ్వి లిఫ్ట్ ఎక్కేశాడు.

*

దగ్గర బడి క్యాంటీన్‌లో తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు. ఇక్కడ కూడా బల్లల మీద టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసుకున్నవాళ్లు, అంటే ముందే చోటు పట్టేసుకున్నవాళ్లు ఉన్నారు. పోయిన వారం పెద్ద బడిలో చల్లటి హాలు, తెర మీద బహుమతులు అందుకుంటున్న పిల్లల ఫొటోలు, టీ బిస్కెట్లు. అక్కడ తప్పు పట్టడానికి ఏమీ లేకపోయింది. అమ్రీన్ తప్పు కోసం వెతికి మరీ చూసింది. హనుమకొండలో బీఎస్సీ లెక్కలు చదివిన మనిషి. ఏదైనా సరిపోయిందని ఒప్పుకునే ముందు రెండోసారి లెక్క వేసుకోవడం ఆమెకు అలవాటు.

కాసేపటికి వాళ్లను పైకి రమ్మన్నారు. క్లాసు కిటికీలు తెరిచే ఉన్నాయి. కారిడార్‌లో నిలబడి లోపలికి చూడొచ్చు.

టీచరు పేరు హుయ్ మిన్. చిన్న వయసు, కాళ్లకు కాన్వాస్ బూట్లు. బోర్డు మీద ఒక లెక్క రాసింది. పద్దెనిమిది మంది పిల్లలకు తలా రెండున్నర మీటర్ల రిబ్బన్ కావాలి. మొత్తం ఎంత?

ఆమె చేతిలో పెన్ను ఇంకా బోర్డు మీదే ఉంది. "ఫార్టీ ఫైవ్" అంది ఆనమ్.

హుయ్ మిన్ వెనక్కి తిరిగింది. "కరెక్ట్. ఎలా చేశావు?"

ఆనమ్ తల వంచుకుంది.  పోయిన వారం ఇంటికొచ్చిన తల అదే. రిబ్బన్ జడ ముందుకు పడి, చూపు మోకాళ్ల మీద పాతుకుపోయిన తల.

టీచరు ఇంకొకర్ని అడగలేదు. తొందరపెట్టలేదు. ఆ అమ్మాయి చెప్పబోయేది వినడం తప్ప ఆ పూట తనకు వేరే పనే లేనట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది. క్లాసంతా ఆగింది. బయట ఎల్లార్టీ బండి ఒకటి వంపు తిరిగి వెళ్లిపోయింది.

"మిస్, నాకు మా దాదీ నేర్పింది," అంది ఆనమ్ ఇంగ్లీషులో, నేలతో చెప్పినట్టు. "దాదీ అంటే గ్రాండ్‌మదర్. ఆమె దగ్గర టూ అండ్ ఎ హాఫ్‌కు టేబుల్ ఉంది."

"రెండున్నరకు ఎక్కమా? నేనెప్పుడూ వినలేదే. వచ్చి నాకు నేర్పు."

ఆనమ్ లేచింది. పెన్ను తీసుకుంది. మొదటి రెండు వరుసలు గొంతులోనే చెప్పింది. మూడో వరుసకు గొంతు బయటికి వచ్చింది. నాలుగో వరుసకు కుడి చెయ్యి తనంతట తానే బల్ల మీద తాళం వేయడం మొదలుపెట్టింది, ఇంట్లో వేసినట్టే.

"ఢాయి చౌకే దస్!"

"దాయ్ చౌకే దస్!" అంది క్లాసు. ఒకడు "తాయ్" అన్నాడు. ఒకమ్మాయి "డై" అని తానే నవ్వుకుంది. చీనీ పిల్లలు, మలయ్ పిల్లలు, తమిళ పిల్లలు అందరూ బల్లలు చరుస్తుంటే పత్తర్‌గట్టి దుకాణం లేచొచ్చి సెంగ్‌కాంగ్‌లో తెరుచుకున్నట్టు అనిపించింది అమ్రీన్‌కు. పక్కన నిలబడిన మలయ్ తల్లి మోచేత్తో పొడిచి "యువర్ గర్ల్, ఆహ్? సో ఫన్నీ!" అంది.

అప్పుడు కిటికీ పక్క వరుసలో నుంచి నవనీత్ అనే కుర్రాడు చెయ్యెత్తి, అక్కడి పిల్లలందరిలాగే మాట చివర ఒక 'లా' తగిలించి అన్నాడు. "మిస్, ఇదంతా బైహార్ట్ ఎందుకు? ఐదుతో గుణించి సగం చేస్తే అయిపోయె లా."

 ఇంట్లో ఎవరైనా తప్పు పట్టారంటే ఆనమ్ దుప్పటి కప్పుకుని ఒక పూట లేవదు.

హుయ్ మిన్ ఎవరి పక్షమూ తీసుకోలేదు. "రెండూ ఒకటేనా? ఏది ఎప్పుడు తొందరగా అవుతుంది? ఇద్దరూ పోటీ పడండి, మిగతావాళ్లు చూసి చెప్పండి. పదమూడు రెండున్నరలు?"

"థర్టీ టూ!" అంది ఆనమ్.

"థర్టీ టూ అండ్ ఎ హాఫ్," అన్నాడు నవనీత్. "నీ సగం ఎక్కడో పడిపోయింది."

ఆనమ్ నుదురు కొట్టుకుంది. అమ్రీన్ గుమ్మం వైపు ఒక అడుగు వేసింది కూడా. కానీ ఆ పిల్ల దుప్పటి వెతుక్కోలేదు. పకపకా నవ్వింది. "అయ్యో! దహాయి పచ్చీస్, ట్వెంటీ ఫైవ్. తియా సాడే సాత్, సెవెన్ అండ్ ఎ హాఫ్... సాడే అంటే హాఫ్ లా! ఆగు, ఆగు, ఇంకొకటి అడుగు!"

అడుగు వేసిన కాలు అమ్రీన్ వెనక్కి తీసుకుంది. తను రెండు బడుల్లోనూ చూడ్డానికి వెళ్లింది ఏమిటో అప్పటిదాకా తనకే మాటల్లో తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. తన కూతురు ఎక్కడ తప్పు చేసి నవ్వగలదో చూడ్డానికి వెళ్లింది.

పూట అయిపోయాక హుయ్ మిన్ గుమ్మంలోకి వచ్చింది. "నేను గొప్పలు చెప్పలేను. ఈ క్లాసు ఇక్కడ కొత్త. కొన్ని మొదలుపెట్టి, కుదరక వదిలేస్తుంటాం. పేరున్న బడి వదులుకొమ్మని మీతో అనను," అంది. ఆ మాటతో అమ్రీన్‌కు ఆమె మీద నమ్మకం ఇంకాస్త గట్టిపడింది.

*

ఎల్లార్టీలో కిటికీ సీటు దొరికింది. ఆనమ్ కాళ్లు ఊపుతూ కూర్చుంది. ఒక స్టేషన్ దాటాక కాళ్లు ఆగిపోయాయి.

"మమ్మీ, పెద్ద బడిలో నేను అబద్ధం చెప్పిన."

అమ్రీన్ ఏమీ అనలేదు. పొద్దున టీచరును చూసి నేర్చుకున్నది అప్పుడే పనికొచ్చింది.

"అక్కడ గూడ నేనే ఫస్ట్ చెప్పిన. టీచర్ వెరీ గుడ్ అన్నది. రీసెస్‌ల అందరు అడిగిన్రు, నువ్వు ఏ ట్యూషన్ సెంటర్ అని. అందరికి సెంటర్ ఉంది మమ్మీ. ఒకమ్మాయికి మూడున్నయి. నేను... దాదీ అంటే నవ్వుతరేమో అని... స్టేషన్ ముంగట నీలం బోర్డు ఉంటది చూడు, ఆ సెంటర్ పేరు చెప్పిన."

"తర్వాత?"

"ఒకమ్మాయి, నేను గూడ అక్కడికే పోతా, నీ టీచర్ ఎవరు అన్నది." ఆనమ్ తన బూట్ల కొసలు చూసుకుంది. "టీచర్ షహర్ అన్న."

అమ్రీన్ కిటికీలోకి చూసింది. నవ్వాలో కళ్లు తుడుచుకోవాలో తెలియలేదు. తొమ్మిదేళ్ల పిల్ల దాదీని దాచిపెట్టబోయి, దాచలేక, పేరు బయట పెట్టేసింది.

"స్ట్రిక్టా అని అడిగింది. చాలా అని చెప్పిన. పటాణీలు అని నోటి దాక వచ్చింది, ఆపుకున్న. ఇంటికొచ్చినంక దాదీ ముఖం చూడబుద్ధి కాలె."

"వాళ్లు నిన్ను ఏమన్న అన్నరా?"

"ఏమన్లె. వాళ్లు మంచోళ్లే. నాకే భయమేసింది. అక్కడ భయమేస్తది మమ్మీ, ఎందుకో తెల్వదు."

బండి వాళ్ల స్టేషన్‌లోకి వచ్చి ఆగింది.

*

ఇంటికొచ్చేసరికి షహర్ బానో హాల్లో మంచం అంచున కూర్చుని ఫోన్‌లో మాట్లాడుతోంది. హైదరాబాదులో ఆమె ఆడబిడ్డ. "హౌ, హౌ, ఆ బడే. ఇయ్యాల పంపిస్తం," అంటూ కోడల్ని చూసి, సలాం చెప్పి ఫోన్ పెట్టేసింది.

"అమ్మీజాన్, నాకు దగ్గర బడే నచ్చింది," అంది అమ్రీన్ చెప్పులు విడుస్తూనే. ఆలస్యం చేస్తే ధైర్యం చల్లారిపోతుందని తెలుసు.

"నచ్చడం ఏంది? అదేమన్న చీర పీసా?" షహర్ బానో నెమ్మదిగానే అంది. గొంతు పెంచకపోతేనే ఆమెతో కష్టం. "బడికి పేరుండాలె బేటీ. రేపు ఎవలన్న ఎక్కడ చదివినవ్ అంటే, ఆ పేరు చెప్తే తలుపు తెరుచుకోవాలె. నన్ను ఏడో తరగతిల మాన్పించిన్రు. నాకు చెప్పుకోను బడి పేరే లేదు. దీనికి ఉండనీ."

"అక్కడ ఆనమ్‌కు భయమేస్తున్నదట."

"మొదట అందరికి వేస్తది. నేను ఈ దేశం వచ్చినప్పుడు నాకు లిఫ్ట్ ఎక్కాలంటే భయం. ఇప్పుడు ఎక్కుతలేనా?" షహర్ బానో దుపట్టా కొస వేలికి చుట్టుకుంది. "నాకు కనబడదనుకున్నవా? వారమైంది ఆ పిల్ల నా దగ్గర కూచోక. పెద్ద బడి చూసొచ్చిన పిల్లకు నా గజాల లెక్క ఎందుకు? పోనీ. నా దగ్గర కూచోకపోయినా పర్వా లేదు, అది పెద్దగైతే చాలు. అంత మాత్రం తెల్వనిదాన్ని కాదు నేను."

 పేరు కోసం పట్టుపడుతోందనుకున్న మనిషి, ఆ పేరుకు బదులుగా తన మనవరాలిని వదులుకోవడానికి వారం నుంచి ఒంటరిగా సిద్ధపడుతోంది. ఈమెకు నిజం ఎలా చెప్పడం? చెప్పకుండా ఎలా ఉండడం?

ఆ అవసరం ఆమెకు రాలేదు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్న ఆనమ్ వచ్చి దాదీ కాళ్ల దగ్గర కూర్చుంది. రైల్లో చెప్పినదంతా మళ్లీ చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు.

షహర్ బానో వేలికి చుట్టుకున్న దుపట్టా కొస విప్పింది. తర్వాత అడిగింది.

"ఏం పేరు చెప్పినవ్?"

"టీచర్ షహర్."

"సెంటర్ బ్రాంచి ఎక్కడన్నవ్?"

"సెంగ్‌కాంగ్."

"ఫీజెంతన్నవ్?"

"అడగలే."

"మల్ల ఎవలన్న అడిగితె ఎక్కువ చెప్పు. తక్కువ చెప్తే ఇజ్జత్ ఉండదు."

ఆనమ్ ముందు అర్థం కాక చూసింది. తర్వాత దాదీ ఒళ్లో తల దూర్చి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా వణికింది. షహర్ బానో దాని జడ రిబ్బన్ విప్పి, మళ్లీ బిగించి కట్టింది. దగ్గర బడిలో బల్లలు చరచిన సంగతి, సగం పడిపోయిన సంగతి మూడుసార్లు చెప్పించుకుంది. "తాయ్ అన్నడా? తాయ్ ఏంది, వాని తలకాయ!" అని కళ్లు తుడుచుకుంది.

"మరి ఏం చేద్దాం అమ్మీజాన్?" అంది అమ్రీన్.

షహర్ బానో ముఖం మళ్లీ బిగిసింది. "హైదరాబాదుల అందరికి చెప్పిన. మా ఆడబిడ్డ ముంగట మాట తిప్పుకోవాల్నా? షాదాబ్‌ను రానీ. దస్తర్‌ఖాన్ మీద చెప్త." లేచి సాయంత్రపు అసర్ నమాజుకు కాళ్లూ చేతులూ కడిగి వజూ చేసుకోవడానికి వెళ్లింది.

ఆ ఇంట్లో పద్ధతి అది. చిన్నదైనా పెద్దదైనా నిర్ణయం రాత్రి భోజనానికి నేల మీద దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచాక, అందరూ కూర్చున్నాక, పెద్దావిడ నోట వెలువడాలి. మామగారు ఉన్నప్పటి నుంచీ అలాగే నడుస్తోంది. కానీ దస్తర్‌ఖాన్ రాత్రికి. గడువు ఐదింటికి.

అమ్రీన్ షాదాబ్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్లీ చేసింది. ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి వెళ్లాలి. షాదాబ్ ఫోన్ ఆ పెట్టెలో మోగుతూ ఉంటుంది.

కాసేపటికి వేరే నంబరు నుంచి ఫోన్ వచ్చింది. షాదాబ్‌తో పనిచేసే బాలు. కాకినాడ మనిషి.

"అమ్రీన్ గారూ, నేనండీ. ఇక్కడ ప్లాంటు ఆపి చేసే షట్‌డౌన్ పని ఒకటి అడ్డం తిరిగిందండీ. షాదాబ్ లోపలే ఉన్నాడు, ఎనిమిది దాటొచ్చు. నేను డ్యూటీ దిగి బయటికొస్తుంటే చెప్పమన్నాడు. ఆ స్కూలు సంగతి మిమ్మల్నే కానిచ్చేయమన్నాడండీ. పెద్దదే అని మరీ మరీ చెప్పాడు."

"సరే అన్నా. చెప్పినందుకు థాంక్స్."

"పాపకి కంగ్రాట్స్ చెప్పండీ!"

లోపలి గదిలో షహర్ బానో నమాజులో నిలబడింది. అమ్రీన్ వంటింట్లో నిలబడి ఫోన్ తెరిచింది. రెండు పేర్లు ఒకదాని కింద ఒకటి కనబడ్డాయి. పెద్ద బడి పేరు చూస్తే తనకూ ఒళ్లు పులకరించింది. కాదని ఎందుకు అబద్ధమాడాలి? ఆ పేరు తెరిచే తలుపులు నిజమైనవే. భర్త అడిగింది కూడా తన స్వార్థం కోసం కాదు. రేపు ఆనమ్ వెనకబడితే, ఆ తప్పు ఎవరిదని అందరూ అడిగేది తననే. ఇదంతా ఒక పక్క వేసింది. రెండో పక్క ఒకటే ఉంది. సగం పారేసుకుని నుదురు కొట్టుకుని నవ్విన పిల్ల.

రెండోసారి లెక్క వేసింది. జవాబు మారలేదు.

వేలితో ఒక పేరు నొక్కింది. ఖాయమేనా అని అడిగితే ఖాయమేనని కూడా నొక్కింది. ఫోన్ బోర్లించి, పొయ్యి మీద దాల్చాలో చింతపండు పులుసు పోసింది.

*

షాదాబ్ వచ్చి స్నానం చేసేసరికి హాల్లో దస్తర్‌ఖాన్ పరిచి ఉంది. బగారా అన్నం, దాల్చా, వేయించిన చేప. అనస్ అప్పటికే పళ్లెం ముందు కూర్చుని చెల్లెల్ని ఏడిపిస్తున్నాడు.

"టీచర్ షహర్ సెంటర్‌ల నాకు గూడ సీటు దొరుకుతదా?"

"నీకు నో చాన్స్ లా. ఎంట్రెన్స్ టెస్ట్ ఉంది," అంది ఆనమ్.

షాదాబ్‌కు ఆ మాట అర్థం కాలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అయినా ముఖంలో వెలుగు తగ్గలేదు. కూర్చుంటూనే కూతురి తల నిమిరాడు. "ఏం సాహెబా, జనవరి నుంచి నువ్వు గూడ నాతో పాటే చీకట్ల లేవాలె. ఇద్దరం ఒకే రైల్ల పోదాం, సరేనా?" తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఐదింటి లోపల పోయింది గద? బాలు చెప్పిండు గద?"

"చెప్పిండు," అంది అమ్రీన్.

షహర్ బానో చెయ్యి ఎత్తింది. గదిలో పళ్లేలు సర్దే చప్పుడు ఆగిపోయింది. అనస్ కూడా చేప ముక్క కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె గొంతు సవరించుకుంది. "ఆనమ్ బడి సంగతి..."

"అమ్మీజాన్."

అమ్రీన్ చేతిలో గరిటె కింద పెట్టింది. పెళ్లై వచ్చినప్పటి నుంచి ఆ దస్తర్‌ఖాన్ మీద అత్తగారి మాటకు అడ్డం వచ్చింది లేదు. మామగారు కూడా వచ్చేవారు కాదని చెప్పుకుంటారు.  

"ఈ ఒక్క మాట నన్ను చెప్పనియ్యండి. పొరపాటైతే అది నాది కావాలె, మీది కావొద్దు." భర్త కళ్లలోకి చూసింది. "ఆనమ్ దగ్గర బడికి పోతది. మీరు పెద్దదే అని చెప్పి పంపించినంకనే, తెలిసే పంపిన. ఖాయమా అంటే ఖాయమే అని నొక్కిన. ఇంక మార్చరాదు."

ఆనమ్ రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు బయటికి వచ్చేస్తోంది. అనస్ ఆశ్చర్యంగా, మెల్లగా "వా లావ్!" అన్నాడు.

 షాదాబ్ ముఖంలో వెలుగు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. అతను భార్యను చూడలేదు, తల్లిని చూశాడు. ఆమె ఒక్క మాటంటే ఈ రాత్రి ఎలాగైనా తిరగేయొచ్చన్న ఆశ ఇంకా ఆ చూపులో ఉంది. అందరూ ఆమెనే చూశారు.

షహర్ బానో బగారా అన్నం గిన్నె దగ్గరికి లాక్కుంది. ఆ ఇంట్లో మొదటి వడ్డన పని నుంచి వచ్చిన కొడుక్కి. గరిటె నిండా తీసి, కొడుకు పళ్లెం దాటించి, అమ్రీన్ పళ్లెంలో పెట్టింది. ఇంకో గరిటె పెట్టింది.

"తిను," అంది. "పొద్దున్నుంచి ఏం తిన్నవో ఏమో."

తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"షాదాబ్, హైదరాబాదుకు ఫోన్ కలుపు. మీ ఫుప్పుకు, నా ఆడబిడ్డకు, అందరికి. స్పీకర్ల పెట్టు. నేను మాట్లాడాలె."